ఓవర్ స్పీడ్ చలానా పడితే ఇన్సూరెన్స్ ప్రీమియం పెరగాలా? పెరిగితే ఎవరికి?

నాగావళి_ఒడ్డు:
విజయనగరంలో పెళ్లి చూసుకుని మా బావమరిది నా కారులో శ్రీకాకుళం వస్తూ, రణస్థలం దాటాక హైవే మీద స్పీడ్ గన్‌కి దొరికాడు. బండి నా పేరు మీద ఉంది కాబట్టి చలానా మెసేజ్ నా ఫోన్‌కి వచ్చింది. లిమిట్ 80, ఫొటోలో 94. వెయ్యి రూపాయలు, పైన యూజర్ చార్జీలు. డబ్బుతో పెద్ద గొడవ లేదు. వచ్చే నెల పాలసీ రెన్యువల్ ఉంది. "చలానా రికార్డులో ఉంటే ప్రీమియం పెరుగుతుంది, నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది" అని ఏజెంటు టెన్షన్ పెడుతున్నాడు. మా ఆవిడేమో తమ్ముడి మీద ఈగ వాలనివ్వదు. మా నాన్నగారు మాత్రం వేగంగా తోలే బండికి ప్రీమియం పెరగాల్సిందే అంటున్నారు. ఏజెంటు చెప్పింది నిజమేనా? నిజమైతే న్యాయమేనా?

పాలసీ_మావయ్య:
ఏజెంటు మాట నమ్మకండి. నేను ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మీ ప్రీమియంలో రెండు ముక్కలుంటాయి. థర్డ్ పార్టీ ముక్క, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి, కేంద్రం నిర్ణయించిన రేటు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో 1000 నుంచి 1500 సీసీ ప్రైవేటు కారుకి ఏడాదికి 3,416 రూపాయలు. మీకు చలానాలు ఒకటున్నా పదున్నా అదే. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మీ బండికే జరిగే నష్టానికి. నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు దాని మీదే ఇస్తారు. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి 20 శాతంతో మొదలై 50 దాకా వెళ్తుంది. పేరులోనే ఉంది కదా, క్లెయిమ్ చేస్తే పోతుంది, చలానాకి పోదు. పాలసీ ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయించకపోయినా పోతుంది. మీరు భయపడాల్సింది ఆ తేదీకి.

వంశధార_వేగం:
అసలు అక్కడ 80 పెట్టడమే అన్యాయం. ఆరు లైన్ల రోడ్డు వేసి, టోల్ వసూలు చేసి, 80లో వెళ్లమంటారా? 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకి 100 అని ఉంది. 94 నేరమెలా అవుతుంది?

కోర్టు_వాయిదా:
కేంద్రం చెప్పింది గరిష్ఠం తమ్ముడూ. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత కోసం రాష్ట్రం ఒక్కో చోట తగ్గించుకోవచ్చు. బోర్డు మీద 80 ఉంటే 80యే లెక్క. నాగావళి గారూ, వాదించాలనుకుంటే వేరే దారి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021లో చేర్చిన 167ఏ రూల్ చూడండి. కెమెరాతో పట్టుకుంటే ఆ పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, ఫొటో మీద చోటు, తేదీ, సమయం, కొలిచిన వేగం పడాలి. ఇందులో ఏదైనా లోపం కనిపిస్తే ఫిర్యాదు పెట్టండి. లోపం లేకపోతే వెయ్యి రూపాయల కోసం కోర్టు మెట్లెక్కకండి, పెట్రోలుకే సగం పోతుంది. లోక్ అదాలత్ వచ్చేదాకా ఆగుదామని కొందరు చలానాలు పేర్చుకుంటారు. తర్వాత బండి అమ్మి పేరు మార్చబోతే అక్కడ అడ్డుపడుతుంది.

సిరిమాను:
ఏజెంటు చెప్పింది తప్పే అనుకోండి, పెద్దాయన మాట మాత్రం తప్పు కాదు. మాది ఎచ్చెర్ల పక్క ఊరు. పొద్దున ఆరింటికి హైవే దగ్గర నిలబడి చూడండి. నెత్తిన గడ్డిమోపుతో ముసలమ్మ డివైడర్ సందులో ఆగుతుంది. మోపు అడ్డం కాబట్టి మెడ తిప్పలేదు, ఒళ్లంతా తిరిగి చూడాలి. దూరంగా కనిపించిన కారు ఎంత వేగంలో ఉందో ఆమెకేం తెలుసు? అడుగు వేసేస్తుంది. వంశధార గారికి 80కీ 94కీ పెద్ద తేడా కనిపించడం లేదు. బ్రేకు నొక్కాక బండి ఆగే దూరం వేగానికి వర్గంగా పెరుగుతుంది. లెక్క వేస్తే మూడో వంతుకు పైనే ఎక్కువ. ఆ మూడో వంతులోనే ముసలమ్మ ఉంటుంది. క్లెయిముల ఖర్చు పెంచేది వేగంగా తోలేవాళ్లే. ఆ భారం నెమ్మదిగా తోలేవాడి మీద కూడా ఎందుకు పడాలి?

టెక్కలి_టాక్సీ:
ముసలమ్మ మాట నిజమే సార్, కాదనను. కానీ ప్రీమియం ఎవరికి పెంచుతారు? కెమెరాకి దొరికేది నంబర్ ప్లేటు, డ్రైవరు కాదు. నాకు రెండు కార్లున్నాయి, ఇద్దరు డ్రైవర్లు తోలతారు. పలాసలో రైలు పోతుందని వెనక సీట్లో కూర్చున్నాయనే తొందర పెడతాడు. డ్రైవరు ఎక్సలేటరు తొక్కుతాడు. చలానా నాకు. దాని మీద ఏడాది పొడవునా ప్రీమియం కూడా నాకేనా? నెల తిరిగేసరికి ఆ డ్రైవరు ఇంకో ట్రావెల్స్‌లో చేరిపోతాడు, క్లీన్ రికార్డుతో.

పాలసీ_మావయ్య:
ఇది ఊహ కాదు. 2019లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఓ వర్కింగ్ గ్రూపు వేసింది. 2021 జనవరిలో ఆ గ్రూపు 'ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం' అని ఓ ముసాయిదా ఇచ్చింది. తాగి తోలితే 100 పాయింట్లు, తప్పుడు పార్కింగ్‌కి 10, అలా లెక్క. ముందు ఢిల్లీలో చేసి చూద్దామన్నారు, అక్కడే ఆగింది. అందులోనూ కట్టాల్సింది రిజిస్టర్డ్ ఓనరే. టెక్కలి గారి బాధ అక్కడే మొదలవుతుంది. 2022 జూలైలో మాత్రం తోలే తీరును బట్టి ధర ఉండే యాడ్-ఆన్‌లు (పాలసీకి అదనంగా తీసుకునే కవర్లు) అమ్ముకోవచ్చని కంపెనీలకు అనుమతి ఇచ్చారు. అది ఇష్టమైనవాళ్లు తీసుకునేది.

ఇంకోటి, ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. అతి వేగానికీ ఇన్సూరెన్స్‌కీ అసలు ముడి ప్రీమియంలో లేదు, లైసెన్సులో ఉంది. 183వ సెక్షన్ ప్రకారం రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు, తర్వాత సస్పెండ్ కావచ్చు. సస్పెన్షన్‌లో ఉన్నవాడు మీ కారు తోలి ఎవరినైనా గుద్దితే, 'చెల్లే లైసెన్సు లేదు' అని కంపెనీ వాదిస్తుంది. బాధితుడికి ముందు కంపెనీ కట్టినా, ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్ అనుమతిస్తే తిరిగి ఓనరు దగ్గర వసూలు చేసుకుంటుంది. అది లక్షల్లో మాట. మీ కారుకైన డ్యామేజీ క్లెయిమ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. కేవలం వేగంగా వెళ్లాడని చెప్పి బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడం కంపెనీకి కుదరదు. లైసెన్సు లేకపోతేనే దానికి ఆ పట్టు దొరుకుతుంది.

వంశధార_వేగం:
అయితే తాళం ఇచ్చే ముందు బావమరిది లైసెన్సు చూపించమని అడగాలా? మన ఇళ్లలో జరిగే పనేనా ఇది!

నాగావళి_ఒడ్డు:
అడిగాను. లైసెన్సు బాగానే ఉంది, అలక మాత్రం మిగిలింది. ఫొటో మీద అన్నీ స్పష్టంగా ఉన్నాయి, చలానా కట్టేశాను, రసీదు దాచాను. ఏజెంటుకి ఫోన్ చేసి 'ఏ రూల్ కింద పెరుగుతుందో రాసివ్వండి' అంటే మాట మార్చాడు. కొత్త కొటేషన్‌లో బోనస్ అలాగే ఉంది.

సిరిమాను:
సంతోషం. టెక్కలి గారూ, మీ అభ్యంతరానికి దారి ఉంది. పాయింట్లు బండికి కాకుండా తోలినవాడి లైసెన్సుకి వేస్తే సరి. వాడు ఏ ట్రావెల్స్‌కి మారినా వెంటే వస్తాయి.

టెక్కలి_టాక్సీ:
తోలింది ఎవరో కెమెరాకి చెప్పేదెవరు సార్? నేనే కదా. డ్రైవరు 'నేను కాదు' అంటే?

సిరిమాను:
ట్రిప్ షీటులో సంతకం ఉంటుందిగా.

టెక్కలి_టాక్సీ:
నా బండికి ఉంటుంది. నాగావళి గారి కారుకి ట్రిప్ షీటు ఎవరు రాస్తారు? పైగా రేపు ప్రతి ఓనరూ, లైసెన్సు ఉండి కారు తోలని ముసలి మావ పేరు రాసిస్తాడు. ఆయన లైసెన్సు మీద పాయింట్లు నిండిపోతాయి, తోలినవాడు తోలుతూనే ఉంటాడు.