నియంత్రణ గది, నియంత్రణ మండలి: రెంటికీ ఒకే మాటా?

పోస్టు (కడప):
పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు పాఠాలు చెప్తుంటాను. తుమ్మలపల్లె యురేనియం గని మన జిల్లాలోనే ఉంది కాబట్టి అణు విద్యుత్ అంటే వాళ్లకు ఆసక్తి ఎక్కువ. చిక్కంతా ఒక్క మాట దగ్గరే. రియాక్టర్ నడిపేవాళ్లు కూర్చునేది ‘నియంత్రణ గది’. న్యూట్రాన్లను పీల్చుకుని చర్యను తగ్గించేవి ‘నియంత్రణ కడ్డీలు’. 1983లో ఏర్పడ్డ ఏఈఆర్‌బీ కూడా ‘అణుశక్తి నియంత్రణ మండలి’! “అయితే రియాక్టర్ ఆపే స్విచ్చి ముంబయిలో, ఆ మండలి ఆఫీసులో ఉంటుందా సార్?” అని అడిగాడొకడు. రియాక్టర్లు నడిపేది ప్రభుత్వ కంపెనీ ఎన్‌పీసీఐఎల్, మండలి పని అనుమతులు, తనిఖీలు. ఈ రెండో పనికి వేరే మాట ఉందా?

కర్నూలు:
పర్యవేక్షణ అంటే చాలదా సార్?

కడప:
చాలదు మేడం. పర్యవేక్షణ షిఫ్టు ఇంజినీరూ చేస్తాడు. మండలికి ఆపించే అధికారం ఉంది. స్థలం, నిర్మాణం, ప్రారంభ పరీక్షలు, నడపడం, ఒక్కోదానికీ దాని అనుమతి ఉండాల్సిందే. పీడనం, ఉష్ణోగ్రత ఎంతవరకు పోవచ్చో చెప్పే హద్దులనూ వాళ్లే ఆమోదించాలి.

అనంతపురం:
అన్నా, మన రెవెన్యూ మాట ‘అజమాయిషీ’ ఉంది కదా. సేద్యం చేసేది రైతు. ఫలానా సర్వే నంబరులో శనక్కాయ వేశారని అడంగల్‌లో రాసేది కరణం. పైఅధికారి వచ్చి, గట్టు మీద నిలబడి అడంగల్ తెరిచి, చేలో ఉన్నది శనక్కాయో కొర్రో కళ్లారా చూసేవాడు. అదీ అజమాయిషీ. పార్సీలో ‘ఆజ్మాయిష్’ అంటే పరీక్షే.

కర్నూలు:
బాగుంది గానీ, ఇప్పుడు ‘ఇంట్లో అజమాయిషీ అంతా అత్తదే’ అంటున్నాం. పెత్తనం అనే అర్థం వచ్చేసింది.

కడప:
కాస్త పెత్తనం ఉంటేనే మేలు మేడం. మండలికి చట్టబద్ధమైన స్వతంత్రత లేదని 2012లో కాగ్ తప్పుపట్టింది. అప్పట్లో మండలి జవాబు చెప్పుకోవాల్సింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. కరణం చేతికింద తాసిల్దారు ఉన్నట్టు! 2025 డిసెంబరులో వచ్చిన కొత్త అణుశక్తి చట్టం ‘శాంతి’ (SHANTI)తో గానీ మండలికి చట్టబద్ధ హోదా రాలేదు.

అనంతపురం:
పేపర్లవాళ్లు ‘అజమాయిషీ మండలి’ అని రాయరులే అన్నా. గదిని అందరిలాగా కంట్రోల్ రూమ్ అనేస్తే సగం గొడవ తీరుతుంది.

కడప:
క్లాసులో అలాగే చెప్తాను. పరీక్షలో మాత్రం ‘నియంత్రణ మండలి’ అనే పెట్టమంటాను, కీలో అదే ఉంటుంది.