అప్‌డేట్: ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరి దారి వారిదే అన్న మా సంఘంలో ఏం పనిచేసిందంటే

అందరూ ఆరాధనకు వచ్చి వెళ్తున్నారు కానీ ఆత్మీయంగా కలిసి ఎదగడం లేదు, గృహ కూడికలు కూడా ఆగిపోయాయి, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ వందనాలు.

పనిచేసింది ఇళ్లలో చిన్న గుంపులు, అందరికీ బైబిల్లోని ఒకే పత్రిక (ఉత్తరం) అన్న సలహా. ఫిలిప్పీయులకు రాసిన పత్రికతో మొదలుపెట్టాం. 4 అధ్యాయాలే కాబట్టి ఎవరూ బెదరలేదు. అసలు కారణం మాత్రం పాస్టర్ గారు ఇంటింటికీ వెళ్లి మాట్లాడితేనే బయటపడింది. పెద్ద వయసు అమ్మల్లో చాలామందికి చదవడం రాదు. వంతులవారీగా వచనాలు చదవమంటారనే టెన్షన్‌తో కూడికలు మానేశారు. ఇప్పుడు యవ్వనస్థుల్లో ఒకరు గట్టిగా చదువుతారు, మిగతావాళ్లు వింటారు, తర్వాత ఎవరికి తోచింది వారు చెబుతారు. ఆ అమ్మల సాక్ష్యాలు వింటూ మా పిల్లలు కదలకుండా కూర్చుంటున్నారు, అది నేను ఊహించలేదు. చివర్లో యాకోబు 5:16లో ఉన్నట్టే ఒకరి కోసం ఒకరం, పేరుపేరునా ప్రార్థిస్తున్నాం.

కూడిక టైమ్ మార్చడం, కొత్త మైక్ సెట్, వాట్సాప్‌లో రోజూ వాక్యం పంపడం వల్ల తేడా ఏమీ రాలేదు. రాత్రి డ్యూటీలున్న కుటుంబాలకు ఏ రోజు కుదురుతుందో ఇంకా చూస్తున్నాం.