న్యూరోలిజిన్ జీన్ లోపంతో ఆటిజం వస్తుందా? టెస్ట్ చేయించాలా?

పాకాల మాస్టారు:
ఆటిజం ఫోన్ల వల్లే వస్తుందని నిన్న ఒకరు రాశారు. చదివి బాధేసింది. రెండు నరకణాలు కలిసేచోట, అంటే సినాప్స్ దగ్గర, దాదాపు 20 నానోమీటర్ల సందు ఉంటుంది. సంకేతం పంపే కణం పైపొర మీద న్యూరెక్సిన్, అందుకునే కణం మీద న్యూరోలిజిన్ అనే ప్రోటీన్లు ఉంటాయి. ఇవి సందులో ఒకదాన్నొకటి పట్టుకుంటేనే సినాప్స్ ఏర్పడుతుంది. 2003లో స్వీడన్‌లో రెండు కుటుంబాల్లో ఆటిజం ఉన్న అన్నదమ్ములకు న్యూరోలిజిన్ 3, 4 జీన్లలో లోపాలు బయటపడ్డాయి. ఆ జీన్లు ఎక్స్ క్రోమోజోమ్ మీదివి, మగపిల్లలకు తల్లి నుంచే వస్తాయి.

అలిపిరి వాసి:
పట్టుకుంటేనే ఏర్పడుతుందన్నది తప్పు మాస్టారూ. న్యూరోలిజిన్ 1, 2, 3 మూడూ లేకుండా పుట్టించిన ఎలుకల మీద 2006లో ఒక పరిశోధన వచ్చింది. సినాప్స్‌లు దాదాపు అన్నీ ఉన్నాయి. సంకేతాలే సరిగ్గా నడవలేదు. పుట్టిన కాసేపటికే ఊపిరందక చనిపోయాయి. ఆ ప్రోటీన్లు సినాప్స్‌ని పనిచేయిస్తాయి, కట్టవు.

పాకాల మాస్టారు:
2000లో చేసిన ప్రయోగం మాటేమిటి? నరకణాలు కాని కణాల్లో న్యూరోలిజిన్ పెడితే, దాన్ని తాకిన నరకణం అక్కడ సంకేతం పంపే ఏర్పాటంతా చేసుకుంది. కట్టడం కాకపోతే ఏమిటది?

అలిపిరి వాసి:
అది గాజు పళ్లెంలో. నేను చెప్పేది బతికున్న మెదడు గురించి.

చిత్తూరు 517001:
అన్నా, ఎలుకల సంగతి తర్వాత. మావాడికి నాలుగేళ్లు, ఇంకా మాటల్లేవు. టెస్ట్ చేయించాలా వద్దా?

అలిపిరి వాసి:
వద్దు. ఆ డబ్బు స్పీచ్ థెరపీకి పెట్టు.

భవానీనగర్ అమ్మ:
మాస్టారూ, "తల్లి నుంచే" అని రాసి వదిలేశారే, దాంతో మా ఇంట్లో ఏమైందో తెలుసా? గంగ జాతర రోజు డప్పుల మోతకు మా బాబు చెవులు మూసుకుని మంచం కిందికి దూరాడు. చుట్టాలందరి ముందు మా ఆడపడుచు ఫోన్‌లో ఇలాంటి మెసేజే చూపించి, "మీ పుట్టింటి రోగమే" అంది. ఏ టెస్టూ చేయకముందే!

పాకాల మాస్టారు:
అమ్మా, ఎవరో తప్పుగా వాడుకుంటారని సైన్స్ దాచమంటారా?

భవానీనగర్ అమ్మ:
దాచమనలేదు, సగం చెప్పొద్దంటున్నా! ఆ న్యూరోలిజిన్ 4 కుటుంబంలో మార్పు ఆ తల్లిలోనే కొత్తగా పుట్టింది, ఆమె పుట్టింటి నుంచి రాలేదు. న్యూరెక్సిన్ 1 జీన్ రెండో క్రోమోజోమ్ మీద ఉంది. దాని లోపం తండ్రి నుంచి రావచ్చు, ఎవరి నుంచీ రాకుండా బిడ్డలోనే కొత్తగా రావచ్చు. పైగా ఆటిజం పిల్లల్లో ఈ జీన్ల లోపం దొరికేది చాలా కొద్దిమందిలోనే. ఇవన్నీ ఎందుకు రాయలేదు? నేనైతే టెస్ట్ చేయించమంటా. కాగితం చేతిలో ఉంటే నోళ్లు మూతపడతాయి.

అలిపిరి వాసి:
మూతపడవక్కా. మా చెల్లెలికి ఆ కాగితమే శత్రువైంది. రిపోర్టులో తల్లి నుంచి అని రాగానే బిడ్డతో సహా పుట్టింటికి పంపేశారు. రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉంది. నేను వద్దనేది డబ్బు కోసం కాదు.

భవానీనగర్ అమ్మ:
ఆ మాట ముందే చెప్పాల్సింది తమ్ముడూ. ఇంతసేపూ ఎలుకల మీద కొట్టుకున్నారు.

పాకాల మాస్టారు:
టెస్ట్ వల్ల ఉపయోగం లేదనడం మాత్రం ఒప్పుకోను. రెండో బిడ్డను కనాలనుకునేవాళ్లకు ఆ రిపోర్టు కావాలి. కొన్ని జీన్ల లోపాలతో ఫిట్స్ కూడా వస్తాయి, ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. కానీ భార్యాభర్తలిద్దరూ జెనెటిక్ కౌన్సెలర్ (జీన్ టెస్టుల గురించి వివరించి సలహా ఇచ్చే నిపుణులు) దగ్గర కూర్చుని విన్నాకే రక్తం ఇవ్వాలి. ఒక్క తల్లినే పంపకూడదు.

చిత్తూరు 517001:
రెండో బిడ్డ గురించే ఆలోచిస్తున్నాం సార్. ఇద్దరం వెళ్తాం. థెరపీ ఎలాగూ ఆపం. రిపోర్టులో ఏమొచ్చినా మా అమ్మకు నేనే చెప్తా.

అలిపిరి వాసి:
రిపోర్టు వచ్చాక కాదు తమ్ముడూ. రక్తం ఇచ్చే ముందే చెప్పు.