సమస్య: కడుపు పండని తల్లికిఁ గలరు సుతులు

హనుమకొండ పంతులు: ఈ వారం ఇచ్చింది తేటగీతి పద్యం చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించండి. యతి, అంటే పాదంలో కలవాల్సిన అక్షరాల జత, క–గ. పురాణం నుంచి తెచ్చినా సరే, మన వాడకట్టు సంగతి చెప్పినా సరే. ‘గొడ్రాలు’ అనే మాట మాత్రం పూరణలో రానివ్వకండి. ఆ మాట పడ్డవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు.

జగిత్యాల మాస్టారు:

వెన్న దొంగిలి మన్నును దిన్న వానిఁ
ద్రాటఁ గట్టియుఁ బిదపఁ దాఁ దల్లడిల్లె
నందు నిల్లాలు పెంచె నానందమూర్తి
కడుపు పండని తల్లికిఁ గలరు సుతులు

హనుమకొండ పంతులు: మాస్టారూ, మొదటి పాదంలో వెన్న–దిన్న ప్రాసయతి చక్కగా కుదిరింది. రెండో పాదమైతే చాలా బాగుంది. కట్టేసిన తల్లే తల్లడిల్లడం అమ్మలందరికీ తెలిసిందే. కానీ మన బమ్మెర పోతన భాగవతంలోనే యశోదకు యోగమాయ పుట్టింది కదా, కడుపు పండనిది ఎట్లా అవుతుంది? పైగా పెంచింది ఒక్క కృష్ణుణ్ణి, సమస్యలో ఉన్నది బహువచనం.

సిరిసిల్ల కోడలు:

మఱ్ఱి మొక్కలె బిడ్డలై మనసు నిండె
బాట పొడవున నీళ్ళను బట్టి మోసెఁ
గన్నడపు నేలఁ దిమ్మక్క ఘనత గనుఁడు
కడుపు పండని తల్లికిఁ గలరు సుతులు

సాలుమరద తిమ్మక్క గురించి రాశాను, పంతులుగారూ. పిల్లలు లేరని భర్తతో కలిసి హులికల్, కుదూరు మధ్య రోడ్డు పొడుగునా మఱ్ఱిచెట్లు పెంచింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు.

హనుమకొండ పంతులు: సమస్యకు అతికినట్టు ఉందమ్మా. బహువచనానికీ లోటు లేదు. ‘ఘనత గనుఁడు’ ఒక్కటే సభలో చెప్పినట్టుంది. నీళ్ళు మోసిందని చెప్పాక ఘనత వేరే చెప్పాలా?

కొత్తవాడ తమ్ముడు: అందరికీ నమస్కారం. సమస్య చూడగానే మా చిన్నమ్మ యాదికొచ్చింది. ఆమె పోయి ఏడాది దాటింది. చిన్నప్పుడే భర్త పోతే మా ఇంటికే వచ్చేసింది. మా వరంగల్ కొత్తవాడలో నేసేవి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన జంపఖానాలే. ఆ మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఆ కూలి పైసలు కొంగున ముడేసి ఉంచేది. వాడలో ఎవరి పిల్లకైనా పరీక్ష ఫీజు లేదంటే ఆ ముడి విప్పేది. బతుకమ్మ వస్తే గునుగు పూల కాడలన్నీ ఒక్క పొడుగున కత్తిరించి, కట్టలు కట్టి, కొసలు రంగునీళ్ళల్లో ముంచి ఆరబెట్టేది. గోళ్ళల్లోకి దిగిన గులాబి రంగు దసరా దాటినా పోయేది కాదు. పద్యంలో మలిద అంటే రొట్టె, బెల్లం కలిపి చేసే బతుకమ్మ ప్రసాదం.

పూలు గునుగును దంగేడుఁ బోగువేసి
వాడ పిల్లల కెల్లఁ దాఁ బాట నేర్పె
మలిద ముద్దలు తనకంటె మాకె ముందు
కడుపు పండని తల్లికిఁ గలరు సుతులు

హనుమకొండ పంతులు: తమ్ముడూ, గణాలూ యతులూ అన్నీ సరిగా ఉన్నాయి. కానీ రెండో పాదంలో వాక్యం ఆగిపోయింది, మూడో పాదానికి క్రియే లేదు. సమస్య విడిగా మిగిలింది. ‘నేర్పె’ను ‘నేర్పి’ చేసి, మూడో పాదం ఇట్లా మార్చి చూడు:

మలిద ముద్దను ముందుగా మాకుఁ బెట్టు

ఇప్పుడు ‘మాకుఁ బెట్టు కడుపు పండని తల్లికి’ అని నాలుగు పాదాలూ ఒక్క వాక్యంగా నడుస్తాయి.

సిరిసిల్ల కోడలు: ఆ మార్పుతో మీ చిన్నమ్మ పద్యం నిండా కనిపిస్తోంది తమ్ముడూ. ఒక్క సందేహం. సుతులు అంటే కొడుకులు. పద్యంలో ఉన్నది పూలు పేర్చే ఆడపిల్లలు. కొడుకుల మాట ఎక్కడా రాలేదే?

కొత్తవాడ తమ్ముడు: నిజమే అక్కా. కొడుకుల సంగతి ఆమె పోయిన నాటిది. దాన్ని పద్యంలో పెట్టొద్దనుకున్నాను. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఎవరు కొరివిని బెట్టుద రింతి కనఁగ
వాడ బిడ్డలు నలుగురు పాడె మోయఁ
గుండఁ బట్టుక ముందుగాఁ గొడుకు నైతి
కడుపు పండని తల్లికిఁ గలరు సుతులు

జగిత్యాల మాస్టారు: మొదటి పాదంలో ఎ–ఇ స్వరయతి సరిపోయింది. ‘ఇంతి’ దగ్గర కొంచెం ఆగాను. చిన్నమ్మను ఇంతి అంటామా? కానీ అది నీ మాట కాదు, గుమ్మం ముందు నిలబడి అడిగినవాళ్ళ మాట. వాళ్ళ నోట ఆ పరాయితనమే ఉండాలి. మూడో పాదంలో నువ్వు మాట్లాడావు, అక్కడ ‘కొడుకు’ వచ్చింది. మార్చకు.

హనుమకొండ పంతులు: నేనూ దిద్దను. ఈ వారం పూరణల్లో నాకు నచ్చింది ఇదే. పాడె మోసిన నలుగురిలో ఆమె ఫీజు కట్టినవాళ్ళు ఉన్నారా తమ్ముడూ?

కొత్తవాడ తమ్ముడు: ఇద్దరు ఉన్నారు. ఒకాయన సూరత్ మిల్లు నుంచి రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చాడు.

సిరిసిల్ల కోడలు: ఆమె నేర్పిన బతుకమ్మ ఉయ్యాల పాటలు ఎవరికైనా నోటికి వచ్చా? రాసి పెట్టుకున్నారా?

కొత్తవాడ తమ్ముడు: మా అక్కకు చాలా వచ్చు అక్కా. ఈ ఆదివారం కూర్చొని రాసుకుంటాను.