లిఫ్ట్ లేని మూడో అంతస్తు: తేలికైన స్ట్రాలర్ ఏది?

నల్లకుంట_స్వాతి: నమస్తే అందరికీ. మాది నల్లకుంటలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, అద్దెకుంటున్నాం, లిఫ్ట్ లేదు. బాబుకి ఏడో నెల, ఎనిమిది కిలోలకి దగ్గర్లో ఉన్నాడు. ఆయన పొద్దున వెళ్తే రాత్రికే రావడం. సాయంత్రాలు బాబుని శంకర మఠం దాకా తిప్పి, వస్తూ వస్తూ మార్కెట్లో కూరగాయలు తెచ్చుకోవాలని ఉంది. ఒక చేత్తో బాబుని ఎత్తుకుని రెండో చేత్తో దించుకోగలిగే బండి కావాలి. బడ్జెట్ పది వేల లోపు. యూట్యూబ్ రివ్యూలు చూసి చూసి తల తిరిగిపోయింది, వాడినవాళ్లు చెప్పండి.

అమీర్‌పేట్_అబ్బాయి: బాబు, బండి, కూరగాయల సంచి. అక్కా, ముందు జిమ్‌లో చేరండి 😀

కిలో_కృష్ణ: ఆరు కిలోలు దాటితే ముట్టుకోకండి, నా మాట అదే. కంపెనీ వాళ్లు రాసిన బరువు కూడా నమ్మొద్దు, కొన్ని చోట్ల పైన కప్పు, ముందు బార్, కింద బుట్ట లెక్కలో వేయకుండా రాస్తారు. షాపులో తూకం వేసి చూపించమనండి. అల్యూమినియం ఫ్రేమా ఇనుమా అడగండి. మడిచాక భుజానికి తగిలించుకునే పట్టీ ఉండాలి. మిగతావన్నీ షోకులు.

శ్రీదేవి_పి: ఆ ఆరు కిలోల బళ్ల చక్రాలు ఎప్పుడైనా చూశారా కృష్ణ గారూ? చిన్న సాసర్లంత ఉంటాయి. మార్కెట్ రోడ్డులో మ్యాన్‌హోల్ మూత అంచుకి ముందు చక్రం తగిలితే బండి అక్కడే ఆగిపోతుంది, బెల్టు పెట్టకపోతే బాబు ముందుకి పడతాడు. స్వాతీ, బండి ఎక్కువసేపు ఉండేది రోడ్డు మీద, మెట్ల మీద కాదు. పెద్ద చక్రాలు, స్ప్రింగులు ఉన్నది తీసుకో, ఎనిమిది తొమ్మిది కిలోలైనా పర్వాలేదు. పైకి మోయడం ఎందుకసలు? కింద మెట్ల పక్కన పెట్టి సైకిల్ తాళం వేసుకో. మా ఇద్దరు పిల్లలకీ అలాగే గడిచిపోయింది.

బెజవాడ_భాను: మా అత్తగారు ఈ పోస్టు చదివి, ఐదుగురిని చంకలోనే పెంచాం, బండీ లేదు బెల్టూ లేదు అంటున్నారు. మీకు చెప్పమన్నారు, చెప్పాను.

కిలో_కృష్ణ: శ్రీదేవి గారూ, తేలిగ్గా ఉంటే పనికిరాదని ఎవరన్నారు? 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసినాయన, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా మడిచే బండి తయారు చేశాడు. బరువు మూడు కిలోల లోపు. అరవై ఏళ్ల కిందట మూడు కిలోల్లో అయినది ఇవాళ తొమ్మిది కిలోలు ఎందుకవ్వాలి?

శ్రీదేవి_పి: ఎందుకంటే దానికి వెనక్కి వాల్చే సీటు లేదు, ఎండకి కప్పు లేదు, ఇప్పుడొచ్చే ఐదు పట్టీల బెల్టు లేదు కాబట్టి. అంత పేరున్న ఆ మెక్లారెన్ కంపెనీయే 2009లో అమెరికాలో దాదాపు పది లక్షల బళ్లకి కీళ్ల దగ్గర తొడుగులు పంపాల్సి వచ్చింది. బండి తెరిచేటప్పుడు, మడిచేటప్పుడు పిల్లలు వేలు పెడితే కొసలు తెగిన కేసులు పన్నెండు బయటపడ్డాయి. తేలిక కావాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి, అది ఏమిటో ముందు తెలుసుకోవాలి.

కిలో_కృష్ణ: నేను బరువంటే మీరు వేళ్లంటారు. కీలు అన్ని బళ్లకీ ఉంటుంది, తొమ్మిది కిలోల దానికీ ఉంటుంది. బరువు మీద జవాబు చెప్పండి.

లండన్_లావణ్య: మాది ఇక్కడ రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. కింద నడవలో ఏమీ పెట్టనివ్వరు, మంటలొస్తే దారికి అడ్డమని. అందుకని విమానంలో పైన సామాన్ల అరలో పట్టే రకం కొన్నాం, యోయో. 6.2 కిలోలు, మడిస్తే 52 సెంటీమీటర్ల పొడవు, 18 మందం, భుజానికి తగిలించుకోవచ్చు. కానీ పది వేలలో రాదమ్మా, చాలా ఎక్కువ. ఆ మోస్తరుగా మడిచేవి మన దగ్గరా దొరుకుతాయి. ముఖ్యమైంది వేరే ఉంది: బాబుని చంకలో పెట్టుకుని మెట్లు దిగకు, బేబీ క్యారియర్‌లో ఛాతీకి కట్టుకో. అప్పుడు ఒక చేయి మెట్ల రెయిలింగ్ మీద, ఒక చేయి బండి మీద. బాబుని బండిలో కూర్చోబెట్టి మెట్లు దించడం మాత్రం ఎప్పుడూ చేయకు, ఇద్దరు పట్టుకున్నా సరే.

నల్లకుంట_స్వాతి: థాంక్యూ లావణ్య గారూ, క్యారియర్ సంగతి తట్టలేదు. శ్రీదేవి గారూ, కింద మెట్ల పక్కన కరెంటు మీటర్లున్నాయి. స్కూటర్ల దగ్గర పెట్టుకుంటానంటే ఓనర్ గారు అసోసియేషన్‌ని అడగమన్నారు, అసోసియేషన్ వాళ్లు ఓనర్‌ని అడగమన్నారు.

మల్లిక్_ఎల్బీనగర్: ఆదివారాలు మీ ఆయన మోస్తారు కదా?

నల్లకుంట_స్వాతి: ఆదివారం సంగతి కాదండీ నేను అడిగింది.

శ్రీదేవి_పి: మీటర్ల దగ్గర పెట్టకూడదు, నిజమే. కానీ ప్రతి సెల్లార్‌లోనూ ఒక మూల ఉంటుంది. గట్టిగా అడగాలి. మడిచిన బండి ఎంత జాగా తింటుంది, ఒక బకెట్టంత.

కిలో_కృష్ణ: ఎన్నిసార్లు అడగాలి మేడమ్? మేం విద్యానగర్‌లో ఉన్నప్పుడు మీరు చెప్పినట్టే పెద్ద చక్రాల బండి కొని సెల్లార్ గోడకి ఆనించి తాళం వేశాం. ఒకరోజు డాబా మీద వానలో నానుతూ దొరికింది, తాళం కోసేసి ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే సెక్రటరీ గారు తీయించమన్నారు అన్నాడు. ఆయన దగ్గరికి వెళ్తే, అద్దెకొచ్చేవాళ్లు ఇలాగే సామాన్లు పేరుస్తారు, రేపు ఖాళీ చేసి పోతారు, ఆ చెత్త మేం ఎత్తాలి అన్నారు. ఆయన మనవడి సైకిల్ మాత్రం అక్కడే ఉంది. మా ఆవిడకి ఆపరేషన్ అయి మూడు నెలలైనా కాలేదు, ఆ తొమ్మిది కిలోలు రోజూ తనే మోసింది. అందుకే కిలోలు లెక్కపెడతాను.

శ్రీదేవి_పి: అది మీ సెక్రటరీ తప్పు. దానికి నన్ను ఎందుకు అంటున్నారు? మా బిల్డింగ్‌లో నేనూ కమిటీలో ఉన్నాను. ఒక్కరికి సరే అంటే నెల తిరిగేసరికి పాత కూలర్లు, విరిగిన కుర్చీలు, గ్యాస్ సిలిండర్లు కూడా దిగుతాయి. ఖాళీ చేసి పోయినవాళ్ల సామాను మేం ఎత్తించాం, ఊరికే అనడం లేదు.

అమీర్‌పేట్_అబ్బాయి: ఓహో, కమిటీ! ఇప్పుడు అర్థమైంది.

కిలో_కృష్ణ: చూశారా స్వాతి గారూ? "గట్టిగా అడగాలి" అని చెప్పేవాళ్లకి సొంత ఫ్లాట్, కింద కారు పార్కింగ్, కమిటీలో కుర్చీ. వాళ్ల బండి ఎవరూ డాబా ఎక్కించరు. మెయింటెనెన్స్ మనమూ కడతాం, మెట్లు తుడిచే డబ్బులు మనమూ ఇస్తాం, జాగా దగ్గరికొచ్చేసరికి మనం బయటివాళ్లం. 1987 అపార్ట్‌మెంట్ల చట్టంలో మెట్లు, లాబీలు ఉమ్మడివి అనే ఉంది.

శ్రీదేవి_పి: ఉమ్మడి అంటే ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకోవడం కాదు, ఎవరూ అడ్డం పెట్టకపోవడం. లావణ్య చెప్పిందీ అదే కదా, లండన్‌లో అయితే రూలు, ఇక్కడ కమిటీ అంటే దౌర్జన్యమా? మా ఫ్లాట్ ఊరికే రాలేదు, ఇంకా లోన్ కడుతూనే ఉన్నాం.

మోడరేటర్: ఓనర్లు, అద్దెవాళ్ల గొడవకి వేరే థ్రెడ్ పెట్టుకోండి. ఇక్కడ స్ట్రాలర్.

లండన్_లావణ్య: లండన్‌లో ఓనరైనా పెట్టకూడదు, మనవడి సైకిల్‌కీ అదే రూలు. తేడా అక్కడుంది శ్రీదేవి గారూ.

కిలో_కృష్ణ: 👏

నల్లకుంట_స్వాతి: నా వల్ల గొడవైనట్టుంది. కింద జాగా దొరకదనే అనుకుని కొంటున్నాను. క్యారియర్ ఒకటి, ఆరు కిలోల దగ్గర బండి ఒకటి. ఆదివారం షాపుకెళ్లి, ఆయన చేత కాకుండా నేనే మడిచి, బాబుని కట్టుకుని, షాపు మెట్లు ఎక్కి చూస్తాను. ఒక్క డౌట్: కూరగాయల సంచి హ్యాండిల్‌కి తగిలించొచ్చా?

కిలో_కృష్ణ: వద్దు. తేలికబండికి బాబు బరువే కింద పట్టి ఉంచేది. బాబుని తీయగానే సంచి బరువుకి వెనక్కి తిరగబడుతుంది. కూర్చుని ఉన్నా సంచి బరువైతే తిరగబడొచ్చు. సీటు కింద బుట్టలో వేయండి, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ అడుగున.

శ్రీదేవి_పి: ఆ చిన్న బుట్టలో రెండు కిలోలు కూడా పట్టవు, అందుకే పెద్దది తీసుకోమన్నాను. సరే, కొన్నాక రోజూ వాడేముందు, బండి తెరిచాక ఫ్రేము లాక్ టక్కుమని పడిందో లేదో చూసుకో, బ్రేకు రెండు చక్రాలకీ పడుతుందో చూసుకో. కృష్ణ గారూ, మీ సెక్రటరీ చేసింది తప్పని నేను ముందే అన్నాను, మీరు చదవలేదు.

కిలో_కృష్ణ: చదివాను. దాని కింద కూలర్ల గురించి రాసింది కూడా చదివాను.