పాత బుల్లెట్ ప్రైమరీ కేసులో ఆయిల్ ఎంత పోయాలి?

అందరికీ నమస్కారం. మాది కడప. మా నాన్నగారు వాడిన 1994 నాటి బుల్లెట్ 350 బండికి, అంటే కాస్ట్ ఐరన్ ఇంజన్, నాలుగు గేర్ల పాత రకానికి, ఇంట్లోనే సర్వీసు చేసుకుంటున్నాను. ఇందులో ఇంజన్ ఆయిల్ వేరు, గేర్‌బాక్స్‌ది వేరు, ఎడమవైపు కేసులో ప్రైమరీ చైనునూ (ఇంజన్ నుంచి క్లచ్‌కు శక్తినందించే చైను) క్లచ్ ప్లేట్లనూ తడిపే ఆయిల్ వేరు. నా సందేహం ఈ మూడోదాని గురించే.

మాన్యువల్‌లో 420 మిల్లీలీటర్లని ఉంది. అయితే కవర్ మధ్యనున్న నట్టు వదులు చేసి పాత ఆయిల్ పారబోసి, మళ్లీ బిగించి, బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, లెవెల్ స్క్రూ (ఆయిల్ మట్టం చూసే రంధ్రానికి ఉండేది) విప్పి కొలిచి పోస్తే, 350 మిల్లీలీటర్లు దాటగానే ఆ రంధ్రం గుండా కారడం మొదలైంది. పాత ఆయిల్ అడుగున మిగిలిపోవడం వల్ల ఇలా జరిగిందా, లేక మా వాకిలి వాలుగా ఉండటమా? (వాలు ఉన్నమాట నిజమే.)

స్క్రూ బిగించి మిగతాది కూడా పోసేయమని మా వీధి మెకానిక్ సలహా. ఎక్కువైతే క్లచ్ సరిగా విడవదనీ, రబ్బరు సీలు దగ్గర కారుతుందనీ నా భయం. తక్కువైతే గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు చైను ఎండిపోతుందేమోనన్నది మరో భయం. కొలతను నమ్మాలా, రంధ్రాన్ని నమ్మాలా? ఇక్కడి ఎండలకు 20డబ్ల్యూ-50 గ్రేడు (చిక్కదనం) ఆయిల్ సరిపోతుందా? ఈ బండిని స్వయంగా విప్పి బిగించినవారు దయచేసి తెలుపగలరు.