ఉప్పెన పాటలో నిజం ఏడుపు పెట్టొచ్చా, పెట్టకూడదా?

కీబోర్డ్_కిట్టు:
అందరికీ నమస్తే. 2027 నవంబర్ 19కి దివిసీమ ఉప్పెనకి 50 ఏళ్లు నిండుతాయి కదా, అటువైపు ఊళ్లవాళ్లు కొందరు కలిసి ఒక పాట కావాలన్నారు, ట్యూన్ నాది. నాగాయలంక, కోడూరు వైపు తిరిగి అప్పట్లో బతికి బయటపడ్డ పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డ్ చేశా. ఒకావిడ చెప్తూ చెప్తూ కొడుకు పేరు పిలిచి ఏడ్చేసింది. మా సౌండ్ ఇంజనీర్ అదే ఇంట్రోగా పెడదాం, ఏ వయొలిన్ అయినా దీని ముందు దండగే అంటున్నాడు. విన్నప్పుడు ఒళ్లు జలదరించిన మాట నిజం, కానీ ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద ఆ క్లిప్ పెట్టడానికి చెయ్యి రావట్లా. ఏమంటారు?

ఎడిసన్_రాధ:
పెట్టండి కిట్టూ. బయట పెద్ద పెద్దవాళ్లే చేశారు. న్యూయార్క్ జంట టవర్లు కూలిన 9/11 మీద అమెరికా కంపోజర్ జాన్ ఆడమ్స్ ‘ఆన్ ద ట్రాన్స్‌మైగ్రేషన్ ఆఫ్ సోల్స్’ అని చేశాడు, న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాళ్లే అడిగి చేయించుకుని 2002 సెప్టెంబర్‌లో వాయించారు, 2003లో పులిట్జర్ ప్రైజ్ కూడా వచ్చింది. అందులో వీధి చప్పుళ్లు, చనిపోయినవాళ్ల పేర్లు చదివే గొంతులు, మనవాళ్లు కనపడట్లేదు అని ఇంట్లోవాళ్లు గోడలకి అంటించిన కాగితాల్లో మాటలు, అన్నీ ఉంటాయి. స్టీవ్ రైక్ అనే ఇంకో కంపోజర్ ఇంకా ముందుకెళ్లి 2011లో క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురి తంత్రీ వాద్య బృందంతో చేసినదాంట్లో ఆ రోజు ఎయిర్ ట్రాఫిక్ వాళ్ల మాటలు, ఫైర్‌వాళ్ల రేడియో మాటలు నేరుగా వాడాడు. ఫోన్ క్రెడిల్ మీద పెట్టకపోతే వచ్చే బీప్ ఉంటుందే, దానితో మొదలవుతుంది, వయొలిన్ అదే స్వరం పట్టుకుంటుంది. ఆయన ఇల్లు ఆ టవర్లకి నాలుగు వీధుల అవతల, ఆ పొద్దున ఇంట్లో కొడుకు కుటుంబం ఉంది, ఈయనేమో ఊళ్లో లేడు, గంటల తరబడి ఫోన్ పెట్టకుండా పట్టుకునే ఉన్నారట. అది తెలిశాక ఆ బీప్ వినండి.

తబలా_సుబ్బారావు:
రాధగారూ సగమే చెప్పారు. అదే రైక్ ఆల్బమ్‌కి ఒక టవర్ కాలుతుంటే రెండోదాని వైపు విమానం వస్తున్న ఫోటో కవర్ వేస్తే జనం తిట్టిపోశారు, చివరికి మార్చుకున్నారు. పాటలో గొంతులు ఒప్పుకున్నవాళ్లే అట్ట మీద బొమ్మ ఒప్పుకోలా. ఎక్కడో ఒక గీత ఉందన్నమాట.
కిట్టూ, మన దగ్గర సంగతి చూడు. ఏ దుర్ఘటన జరిగినా మర్నాటికి యూట్యూబ్‌లో నివాళి పాట, థంబ్‌నెయిల్లో తల్లి ఏడుపు, కింద లైక్ షేర్ సబ్‌స్క్రైబ్. ముందు ఏడుపు, దాని మీద రెండు స్పూన్లు రీవెర్బ్ (గొంతు మార్మోగే ఎఫెక్ట్), వెనక ఫ్లూట్‌లో శివరంజని. నువ్వు మంచి మనసుతోనే చేస్తావు కాదన్ను, వినేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? హిరోషిమా మృతుల పేరు మీద పోలండ్ కంపోజర్ పెండెరెట్స్‌కీ చేసినదాంట్లో ఒక్క మనిషి గొంతు ఉండదు, 52 తంత్రీ వాద్యాలు అంతే, గుండెలు పిండేస్తుంది.

ఎడిసన్_రాధ:
ఆ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది సుబ్బారావుగారూ. ఆయన దానికి మొదట పెట్టిన పేరు ఎనిమిది నిమిషాల 37 సెకన్లు అని, నిడివే పేరు! హిరోషిమా తర్వాత తగిలించాడు. కిట్టు ఎండలో ఊళ్లు తిరిగి అడిగి తెచ్చాడు. ఏది నివాళి?

కోడూరు_బుల్లోడు:
ఇద్దరూ అమెరికా జపాన్ తిరిగొచ్చారు, మా ఊరు కూడా రండి కాస్త. మా నాయనమ్మ ఉప్పెన మాట ఎత్తితే చాలు శోకం పెట్టేది, ఊరికే ఏడవడం కాదు, రాగం తీసి పేరు పేరునా. నా తండ్రీ రంగడా, చద్దన్నం తిని పోయావు కదరా, నీ గొంగళి దండెం మీదే ఉంది కదరా, అట్లా ఒకరి తర్వాత ఒకరు. గొంగళి, చద్దన్నం, వాడి నత్తి, అన్నీ అందులో ఉండేవి. మరి నిజం గొంతు, నిజం పేరు పాటలో ఉండకూడదు అన్న రూలు మనకి ఎప్పుడుంది? పదివేల మందికి పైగా పోయారు అని చరణం రాస్తే ఎవడికి ఏం ఎక్కుతుంది, ఎన్టీఆర్ ఏఎన్నార్ జోలె పట్టారు అని ఇంకో చరణం, అది స్కూల్ యానివర్సరీ పాటవుద్ది.

తబలా_సుబ్బారావు:
బుల్లోడూ నువ్వు చెప్పింది బావుంది, కానీ ఆ శోకం పెట్టింది ఆవిడ. పోయినవాళ్లు ఆవిడవాళ్లు. ఇంకోరి శోకం కోసి నాలుగో బార్‌లో అతికించే హక్కు కిట్టుకి ఎక్కడిది? పైగా ఆవిడ ఏడ్చింది కిట్టు ముందు, స్పీకర్ల ముందు కాదు. సభ రోజు ఆవిడ ముందు వరసలో కూర్చుంటుంది కదా, తన ఏడుపు తనే మైకులో వినాలా?

కీబోర్డ్_కిట్టు:
ఈ ముందు వరస సంగతి నాకు తట్టలేదు సుబ్బారావన్నా. ఫోన్ చేసి వాళ్లబ్బాయితో మాట్లాడా (ఉప్పెన తర్వాత పుట్టినాయన). ఏడుపు వద్దండి, అమ్మకి బీపీ ఉంది అన్నాడు. కానీ మా అన్న పేరు మాత్రం పాటలో రావాలి, అమ్మ అదే అడుగుతోంది అన్నాడు. సో క్లిప్ తీసేశా. ఇప్పుడు పేర్లు చదివించాలని ఉంది.

ఎడిసన్_రాధ:
బెస్ట్. ఇక్కడ న్యూయార్క్‌లో ఏటా సెప్టెంబర్ 11న ఇంట్లోవాళ్లే వచ్చి దాదాపు మూడు వేల పేర్లు చదువుతారు, గంటలు పడుతుంది, ఎవరూ విసుక్కోరు. మీరు హైస్కూల్ పిల్లలతో చదివించండి, వెనక తంబురా శ్రుతి ఒక్కటి చాలు.

కోడూరు_బుల్లోడు:
పేర్లు సరే, ఎవరి పేర్లు? కోతలకి బయటి ఊళ్ల నుంచి వచ్చిన కూలోళ్లు కూడా కొట్టుకుపోయారని మా నాయనమ్మ చెప్పేది, వాళ్ల ఊరేదో కూడా ఎవరికీ తెలీదంట. లిస్టు పెడితే భూమీ ఇల్లూ ఉన్నోళ్ల పేర్లే వస్తాయి అందులో. సొర్లగొందిలో అడిగావా కిట్టూ? పాలకాయతిప్పలో వలలోళ్లని అడిగావా?

కీబోర్డ్_కిట్టు:
సొర్లగొంది వెళ్లా. పాలకాయతిప్ప వెళ్లలా, ఈ వారం పోతా. నీకు టైముంటే రా బండి మీద, నీ మాటయితే అక్కడ నమ్ముతారు.

కోడూరు_బుల్లోడు:
ఆదివారం అయితే వస్తా. ఆ ఇంజనీర్‌ని మాత్రం తీసుకురాకు.